స్కోరు రాసే పిల్ల

ఎత్తు కొలవాలి, బరువు తూచాలి, బీపీ చూడాలి, బెల్లు కొట్టేలోగా గది ఖాళీ చేయాలి. ఆ హడావిడిలోనే నర్సమ్మ ఆటల మాస్టారిని పక్కకు పిలిచింది.

"ఆ ఆరో తరగతి పిల్లకి మళ్లీ చూశానండీ. బీపీ ఎక్కువే, బరువూ ఎక్కువే. ఆటలాడదా?"

"రోజూ మైదానానికొస్తుందమ్మా."

"వచ్చి?"

"స్కోరు రాస్తుంది."

"అంత పెద్ద ఉద్యోగం ఎవరిచ్చారో!"

"నేనే. పరిగెడితే పిల్లలు నవ్వేవారు. పాపం, చిన్నబుచ్చుకుంటుందని కుర్చీ వేయించాను."

"నవ్వినవాళ్లని కూర్చోబెట్టాల్సింది కదండీ!"

మాస్టారు జేబులోంచి ఫోను తీశారు.

"వాళ్లమ్మని రమ్మంటాను. డాక్టరు దగ్గరికి నేనూ వెళ్తాను."

"సరే. ఆడతానని తనెప్పుడూ అడగలేదా?"

"మొదట్లో రోజూ అడిగేదమ్మా. తర్వాత మానేసింది."

చదివే మీరు మాస్టారిని మరిచినా, అడగడం మానేసిన ఆ పిల్లను మాత్రం గుర్తుంచుకోండి.