ఐదో ప్రమాదం

నరసాపురం వెళ్ళే కాలవగట్టు రోడ్డు మలుపులో, లేసు అల్లే తలుపులమ్మ ఇంటి అరుగు. ఆషాఢం, సాయంత్రం. రోడ్డు భద్రత సర్వే ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఇంజినీరు సత్యశ్రీ, పెళ్ళయి ఇంకా నెల దాటలేదు.

"అది కాదండీ తలుపులమ్మగారూ, నాలుగైతే ఇవ్వరు. ఐదుండాలి."

"ఏంటమ్మా ఐదు? చావులా?"

"చావులో, కాళ్ళూ చేతులూ విరగడమో. ఒకే చోట మూడేళ్ళలో ఐదు ప్రమాదాలు కాయితం మీదుంటేనే, దేశమంతటికీ వేస్తున్న ప్లానులోకి ఈ మలుపు ఎక్కుతుంది. అప్పుడే ఇనప రెయిలింగుకి నిధులొస్తాయి. నా దగ్గర నాలుగే ఉన్నాయి. జాబితా రేపు పంపెయ్యాలి."

"నాలుగేంటి! ఈ అరుగు మీద కూచుని నేనే తొమ్మిది చూసేను. కాలవలోంచి లాగినోళ్ళకి ఒళ్ళు తుడుచుకోమని ఇచ్చీ ఇచ్చీ ఇంట్లో తువ్వాలు మిగల్లేదు."

"వాళ్ళలో సగంమంది నీళ్ళలో పోయారు కదండీ. 'కాలవలో మునక' అని రాసేస్తే అది రోడ్డు ఖాతాలోకి రాదు."

"బావుంది! బండి మీదొచ్చినోడు నీళ్ళలో పోతే ఈతకొచ్చినట్టా?"

"నా గోలా అదేనండీ... అబ్బ! టీ ఎంత బావుందో! అల్లం, ఇంకా ఏంటి వేశారు, తులసా?"

"వామాకు. మా ఆయనకిష్టం."

"ఆ మూతేసిన గ్లాసు కూడా నాకేనా?"

"అది ముట్టుకోకమ్మా. ఆయనది."

"లోపలున్నారా?"

"లేడు. పోలవరం పనికెళ్ళేడు. ఎప్పుడొస్తాడో చెప్పడు. వచ్చేసరికి టీ లేపోతే అలుగుతాడు."

"మా ఆయనా అంతే! అలిగితే మూతి ఇలా... ఉండండి, ఆయనే ఫోను. హలో! పాలకొల్లు దాటేరా? ఏం తెస్తున్నారు? మల్లెపూలొద్దండీ, మొన్నటివే మా అమ్మ చూసేసింది... సరే తెండి. హెల్మెట్ పెట్టుకున్నారా? మరి ఫోనెలా మాట్లాడుతున్నారు? బండి ఆపేరా! అయితే ఆపే ఉంచండి... కాదు కాదు, రండి!"

"ఆషాఢం కదమ్మా?"

"ఆషాఢమేనండీ. అల్లుడు అత్తారి గడప తొక్కకూడదన్నారు గానీ, కాలవగట్టు తొక్కకూడదని ఎవరూ అన్లేదుగా! పది నిమిషాలు కూచుని వెళ్ళిపోతారు. మా అమ్మకి చెప్పకండేం."

"పాలకొల్లు నుంచంటే ఈ మలుపు తిరిగే రావాలి."

"తిరిగే రావాలండీ."

"కాలవ నిండుగా ఉంది."

"అందుకే నెమ్మదిగా రమ్మన్నాను. అదేంటి, అల్లడం ఆపేశారు? అల్లండి, చూస్తుంటే భలేగా ఉంది. ఒక్క సూదితో అన్ని పువ్వులు ఎలా పూస్తాయండీ?"

"పువ్వుల సంగతి తర్వాత. ఐదోది ఎక్కడా లేదా?"

"ఉందీ, లేదూ. రెండేళ్ళ కిందట దిగువన, నీళ్ళాపే లాకుల దగ్గర ఒక శవం తేలింది. 'గుర్తు తెలియని మగమనిషి, స్నానానికి దిగి మునక' అని రాసేశారు. కానీ తలకి హెల్మెట్ ఉందండీ! హెల్మెట్ పెట్టుకుని స్నానానికి దిగే మనిషిని చూశారా ఎక్కడైనా? నవ్వరేంటండీ?"

"బండి దొరికిందా?"

"లేదు. పూడికలో కూరుకుపోయి ఉంటుంది. ఆ మనిషెవరో తెలిసి, ఇక్కడే పడ్డాడని ఇంటివాళ్ళు ఒక్కమాట చెబితే కేసు మారుతుంది. ఐదవుతాయి."

"ఎవరూ చూడ్డానికి రాలేదా?"

"ఒకావిడ వచ్చిందిట. చూసి, 'మా ఆయన కాదు' అని వెళ్ళిపోయిందిట."

"కాదంటే కాదేమో."

"అంతేనేమో. కానీ పంచనామాలో ఇంకో ముక్క ఉందండీ. హెల్మెట్‌కి గెడ్డం కింద పట్టీ తెగిపోతే..."

"తెగిపోతే?"

"దాని బదులు తెల్లదారంతో అల్లిన..."

"మూడు పువ్వులు."

"ఏంటండీ?"

"మూడు పువ్వులు రాసేరా, నాలుగు రాసేరా? నాలుగోది అల్లుతుండగానే ఆయన తొందరపడి పట్టుకుపోయేడు. సగమే ఉంటది."

"...'మూడు పువ్వులు, ఒక సగం' అనుందండీ. తలుపులమ్మగారూ..."

"కూచో. ఏడవకు, కొత్త పెళ్ళికూతురివి. ఆ రోజు సందేళ బండి చప్పుడు విన్నాను. వచ్చేడు, టీ పెట్టాలి అనుకున్నాను. తర్వాత నీళ్ళ చప్పుడు విన్నాను. అంతే."

"మరి లాకుల దగ్గర చూసి, మీ ఆయన కాదని ఎందుకన్నారండీ?"

"అవునంటే తిరిగొచ్చి ఒక్క గ్లాసే కడుక్కోవాలి కదమ్మా. కాదన్నాను కాబట్టి రెండేళ్ళు ఇద్దరికీ టీ పెట్టుకున్నాను. ఊరందరికీ పోలవరం అని చెప్పేను. చెప్పగా చెప్పగా నాకూ నమ్మకం కుదిరింది."

"మీరేం చెప్పొద్దులెండి. నేనే వినలేదనుకుంటాను. ఇంకో ప్రమాదం కోసం స్టేషన్లో మళ్ళీ వెతుకుతాను."

"రేపటిలోగానా? అదుగో, హారను! మీ ఆయనేనా?"

"ఆఁ... ఏవండీ! నెమ్మది! ఎదర ట్రాక్టరు! గట్టు వైపు రాకండి, ఇటు... ఇటు... అమ్మయ్య!"

"మలుపు తిరిగేడా?"

"తిరిగేరండీ."

"అయితే రాసుకో. బుల్లియ్య, యాభై రెండేళ్ళు, ఇక్కడే పడ్డాడు. సంతకం నేను పెడతాను. ఆ మూత తీసి, టీ మీ ఆయనకియ్యి. ఇంకా వేడిగానే ఉంది. మా ఆయన రాడు."