ఎవారిస్తో రాసిన పరీక్ష, కెప్టెన్ చేసుకున్న పెళ్ళి

ఎవారిస్తో నోరు తెరిచాడంటే చేతిలో కాఫీ చల్లారిపోవాల్సిందేనని మా చుట్టల ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. ఆ సాయంత్రం మాత్రం వాడి కోతలకి ఓ పనుంది. మర్నాడే ఓటింగు. మేం చుట్టలు చుడుతుంటే ఎత్తు కుర్చీలో కూర్చుని పొద్దున పేపరూ, మధ్యాహ్నం నవలా పైకి చదివి వినిపించే ఎదెల్మిరా అక్కకి గొంతు పోయింది. ఆ కుర్చీ ఇక ఎవరిదో చుట్టేవాళ్ళమే చేతులెత్తి తేల్చాలి. ఎవారిస్తోకి దాని మీదే ప్రాణం. పెళ్ళాం పోయాక వాడి మాట వినే దిక్కు ఇంట్లో లేదు, అదీ అసలు సంగతి.

అందుకే ఫ్యాక్టరీ గేటు ఎదురుగా, నివాల్దో కాఫీ బడ్డీ దగ్గర మేం డామినో బల్ల చుట్టూ చేరామో లేదో మొదలెట్టేశాడు. మెడకి శాలువా చుట్టుకుని ఎదెల్మిరా అక్క కూడా అక్కడే తన ముక్కలు తను చూసుకుంటూ కూర్చుంది.

"నాకు చదవడం రాదని ఎవరో అన్నారట. ఎవరో ఏంటి, బేసిలియోనే అయ్యుంటాడు, వాడి మొహం చూడండి. ఒరేయ్, పెద్దవాళ్ళ సాయంత్రం బడిలో ఆరో తరగతి పరీక్ష రాసినవాణ్ణిరా నేను. పుస్తకం చేతికిచ్చి, చదివింది అర్థమైందో లేదో చూడ్డానికి పది ప్రశ్నలు పెట్టారు. ఏం పుస్తకమనుకున్నారు? మన ముత్యాల దీవి కథే, కెప్టెన్ సాల్వతియెర్రాది. అక్క మనకి ఏడాది పొడుగునా చదివి వినిపించలేదూ, అదే. ఇక నేను తెరుస్తానా? కథంతా చెవుల్లోంచి దిగి కడుపులో కూర్చునుంటే అట్ట తిప్పడం కూడా దండగ కదా. పుస్తకం మీద టోపీ పెట్టి, పెన్సిలు తీసుకున్నాను.

"మొదటి ప్రశ్న, కెప్టెన్ రేవు వదిలి ఎందుకు పారిపోయాడు. రెండు ముక్కల్లో రాయమన్నారు. రెండు ముక్కల్లో రాయడానికి నేనేమన్నా టెలిగ్రాం ఇస్తున్నానా? ఇచ్చిన కాయితాలు అయిపోయాయి. పక్కవాడివి లాక్కున్నాను, వాడికెలాగూ వాటితో పన్లేదు. అవీ అయిపోతే బల్ల మీద రాశాను, బల్ల నిండితే గోడ మీద రాశాను, తలుపు దగ్గరికొచ్చేసరికి నేనింకా మూడో ప్రశ్నలోనే ఉన్నాను, ఇక లాభం లేదని బయటి గోడ పట్టుకున్నాను, అక్కణ్ణించి చర్చి గోడ, చర్చి దాటితే బస్టాండు. హవానా నించి వచ్చిన పరీక్షాధికారి, సన్నటి మనిషి, కళ్ళజోడాయన, నా వెనకాలే నడుస్తూ మార్కులు వేసుకుంటూ వస్తున్నాడు పాపం."

"బస్టాండు గోడ మీద నాకెప్పుడూ కనబళ్ళేదే," అన్నాడు బేసిలియో.

"సున్నం కొట్టించేశారు, వచ్చే ఏడు వాళ్ళు చూసి కాపీ కొడతారని. మధ్యలో అడ్డు రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐదో ప్రశ్న తుఫాను గురించి. నేను తుఫాను రాస్తుంటే అధికారికి కడుపులో తిప్పడం మొదలైంది. స్తంభం కావలించుకుని నిలబడ్డాడు. నేనింకా గాలి దగ్గరే ఉన్నాను, అల దాకా రానేలేదు. అల రాసేసరికి బడి ఆవరణలో మోకాలి లోతు నీళ్ళు, అదీ ఉప్పునీళ్ళు. మన ఊరికి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు కదా. బడి వంటావిడ గంప ముంచి లేపితే చేపలు, ఇంతింతవి, ఎర్రవి. పరీక్ష రాసినవాళ్ళందరికీ అక్కడే వేయించి అరటికాయ ముక్కలతో పెట్టింది. అధికారి అడిగి మరీ రెండోసారి పెట్టించుకున్నాడు."

"ఉప్పు సరిపోయిందా?" నివాల్దో అడిగాడు.

"నా తుఫానులో చేపకి వేరే ఉప్పెందుకురా? సరే, ఆఖరి ప్రశ్న దగ్గరికొచ్చేసరికి ఊరు ఊరంతా నా వెనక ఉంది. కెప్టెన్ చివరికి ఏమయ్యాడు? రాశాను. ముత్యాల దీవిలో ఆ విధవరాల్ని పెళ్ళి చేసుకున్నాడనీ, కత్తి గోడకి తగిలించేసి బాతులు పెంచుకున్నాడనీ. పెన్సిలు కింద పెట్టాను. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, వంగి నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. నూటికి నూటిరవై వేశాడు. 'అయ్యా, హవానాలో పుస్తకాలన్నీ ఓసారి మీరొచ్చి దిద్దాలి' అన్నాడు. వెళ్ళేవాణ్ణే, మీరంతా ఏమైపోతారోనని ఆగిపోయాను. అలాంటివాణ్ణి ఎదురుగా పెట్టుకుని కుర్చీ ఎవరికిద్దామా అని ఆలోచిస్తున్నారు మీరు."

చదివింది నచ్చితే చుట్టల కత్తి వెనక్కి తిప్పి బల్ల మీద కొట్టడం మా అలవాటు. ఇప్పుడు చేతిలో కత్తుల్లేవు కాబట్టి బేసిలియో చెంచాతో కొట్టాడు, నవ్వుతూనే మేమూ కొట్టాం. ఎవారిస్తో మొహం వెలిగిపోయింది. ఓట్లు లెక్కపెట్టుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"ఆఖరి ప్రశ్నకి ఏం రాశానన్నావ్?" అంది అక్క, బొంగురు గొంతుతో.

"పెళ్ళి, అక్కా. బాతులూ."

"ఆ పుస్తకంలో కెప్టెన్ తొమ్మిదో అధ్యాయంలో చచ్చిపోతాడు."

బేసిలియో చెంచా కింద పెట్టేశాడు. అక్క ముక్క ఒకటి బల్ల మీద పెట్టి మెల్లగా చెప్పుకొచ్చింది. ఆ అధ్యాయం వచ్చిన రోజు కెప్టెన్ నీళ్ళలో పడేదాకా చదివిందట. హాల్లో ఒక్క చెయ్యి ఆడలేదట, ఆకులు ఆకుల్లాగే ఉండిపోయాయట, ఎవారిస్తో అయితే టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడట. అన్నాలవేళ ఆవిడకి ముద్ద దిగక, కూర్చుని ఓ తాబేలుని పుట్టించి కెప్టెన్ని దాని వీపు మీద ఒడ్డుకి చేర్చిందట. ఆ తర్వాత ఏడాది చివరిదాకా మేం విన్నదంతా, పెళ్ళితో సహా బాతులతో సహా, ఆవిడ సొంతం.

"కాబట్టి చెప్పు, నూటిరవై ఎలా వచ్చాయి?"

వాడి ఆరో తరగతి సర్టిఫికెట్టు మాలో ఎవరూ ఎందుకు చూళ్ళేదో అప్పుడర్థమైంది. ఇంకో రోజయితే పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. కానీ రోజూ బడ్డీలోంచే అక్క చదివేది వినే నివాల్దో కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అయితే కెప్టెన్ నిజంగా పోయాడా?"

ఆ పెళ్ళి విన్న రోజు చప్పుడు చేసి చేసి మా చేతులు నొప్పెట్టాయి మరి. ఎవారిస్తో టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. వాళ్ళావిడ పోయినప్పుడూ వాడు అలాగే కూర్చున్నాడు.

అక్క సంచీలోంచి అట్టలూడిన పుస్తకం తీసి, తొమ్మిదో అధ్యాయం తెరిచి వాడి ముందుకి తోసింది. వాడు వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, నెమ్మదిగా ఆ పేజీ చదివాడు. చదవడం వచ్చు వాడికి, పాపం. చివరిదాకా వెళ్ళి పుస్తకం మూసేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నివాల్దో వంక చూశాడు, మా వంక చూశాడు.

"నీళ్ళలో పడ్డాడు, నిజమే," అన్నాడు. "కానీ ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

అందరం బల్ల మీదకి వంగాం.

"అప్పుడే అడుగునించి ఓ పెద్ద తాబేలు…"

"తాబేలు నాది," అంది అక్క. "కుర్చీ కావాలంటే నీ అబద్ధం నువ్వే తెచ్చుకో."