నూట పన్నెండు చీటీలు, ఒకే చేతిరాత

అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఒక కౌంటీ ఎన్నికల ఆఫీసు. బల్లకు అటు కుర్ర అధికారి, ఇటు రిటైరైన టీచరమ్మ.

"కాలేజీ బోర్డుకి ఈసారి ఒక్కరూ నామినేషన్ వెయ్యలేదు టీచరుగారూ. నూట పన్నెండు మంది మాత్రం ఓటు చీటీ మీద మీ పేరు చేత్తో రాశారు. ఇక్కడ అలా రాసినా ఓటు చెల్లుతుంది. మీరే గెలిచారు."

"నేనా? వేళాకోళమా?"

"అదే నాకూ అనుమానం. అన్నీ ఒకే చేతిరాత. మీరే కూర్చుని రాసేశారా?"

"ఏదీ, ఇలా ఇవ్వు... ఓరి దేవుడా! అక్షరం కింద ఈ తోక మెలి తిప్పడం నాదే."

"ఒప్పుకుంటున్నారా?"

"మాంసం ఫ్యాక్టరీలో పనికి వలస వచ్చినవాళ్ళకి ఇరవై ఏళ్ళు ఆ కాలేజీలోనే రాత్రి క్లాసుల్లో ఇంగ్లీషు అక్షరాలు దిద్దించాను బాబూ. నా రాతే వాళ్ళకీ వచ్చేసింది. ఏం, నమ్మవా?"

"నమ్మకేం టీచరుగారూ! మా అమ్మ సంతకం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది."