రెండో దర్వాజ

ఆదివారం పొద్దున, మహబూబాబాద్. భర్త మటన్ తేవడానికి బజారుకు పోయాడు. అఖిల భూపాలపల్లిలో ఉన్న తన అన్న రాకేష్‌కు ఫోన్ కలిపింది. ఇళ్లకు నెట్ కనెక్షన్లు పెట్టడం అతని పని.

"స్లో గాదన్నా. స్లో అని నేనన్ననా? నెట్ మంచిగనే వస్తున్నది."

"మంచిగొస్తె మరి నాకెందుకు ఫోన్ చేసినవే, తినేటప్పుడు?"

"నేను ఫోన్ల ఏం చూసినా మీ బావకు తెలుస్తున్నది. ఎట్ల తెలుస్తున్నదని అడుగుతున్న."

"నీ ఫోన్ తీసి చూసిండేమో."

"ఫోన్ నా దిండు కిందనే ఉంటది. మొన్న జనగామల లేడీస్ హాస్టల్ ఒకటి చూసిన. ఎవ్వరికి చెప్పలే. తెల్లారి చాయ తాగుకుంట, 'హాస్టల్ల చారు నీళ్ల లెక్కనే ఉంటదట గదా' అన్నడు. నవ్వుకుంట."

"ఊకెనే అన్నడేమో."

"వకీలమ్మ కోసం చూసిన. 'వకీళ్లు ఇండ్లు గుల్ల చేస్తరు' అన్నడు. గది సుత ఊకెనేనా?"

"వకీలెందుకే నీకు?"

"నువ్వడగాల్సింది గదేనా?"

"అంటె... ఆగు, స్పీకర్ల పెడత. చేతికి ఉప్మా ఉన్నది. ఆ, చెప్పు."

"పక్కన ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు. మీ వదిననే."

"ఎవ్వరు లేరు, మీ వదిననే! గట్లంటవేందన్నా? వదినా, తిన్నవా?"

"ఇంకా లేదు అఖిలా. మీ అన్న తిన్నంక."

"సరే గని చెల్లే, ఏం పరేషాన్ గాకు. వైఫై డబ్బ బంద్ చేసి మల్ల ఆన్ చెయ్యి. అన్ని సాఫ్ అయితయి."

"ఆన్, ఆఫ్ కాదన్నా. పోయినసారి నెల్లికుదురు స్కూల్ల నాకు నౌకరి వస్తె, నేను చేరకముందే ఈయన వాళ్లకు ఫోన్ చేసి మా ఆమె రాదు అని చెప్పిండు. నేను ఆ స్కూల్ పేరు గోడకు సుత చెప్పలే. ఇప్పుడు మల్లొకటొచ్చింది. రేపు చేరాలె. ఇది గూడ పోతె ఇగ నేను ఈ ఇంట్లనే కుళ్లిపోత. అందుకే ముందు తెల్వాలె."

"రేపా? ఏడ?"

"తర్వాత చెప్త. ముందు గేట్‌వే ఏంది, ఎట్ల చూడాలె, అది చెప్పు. వీడియోల చూసిన, ముందు గది చూసుకోవాల్నట."

"గేట్‌వేలు గీట్‌వేలు నీకెందుకే..."

"గేట్‌వే అంటె ఏందండి?"

"నువ్వు ఉప్మా చూసుకో రాణి."

"చెప్పన్నా, నాకు గూడ తెల్వదు. అందరికి కనెక్షన్లు పెడతవ్, చెల్లెకు చెప్పనీకి నోరు రాదా?"

"ఏం లేదు. ఇంటికి దర్వాజ ఉంటది సూడు, గట్ల. నీ ఫోన్ల నుంచి ఏది బయటికి పోవాల్నన్నా, బయటి నుంచి ఏది రావాల్నన్నా ఆ దర్వాజలకెంచే. దానికో నంబరుంటది. గంతే."

"ఆ నంబర్ ఏడుంటది?"

"సెట్టింగ్స్‌ల వైఫై తియ్యి. పేరు పక్కన సైకిల్ గేర్ లెక్క పండ్ల చక్రం ఉంటది. దాన్ని ఒత్తి కిందికి జరుపు."

"పండ్ల చక్రమంటె ఇదేనా అండి?"

"నీకెందుకు?"

"ఊకెనే. నేర్సుకుంటున్న."

"దొరికిందన్నా. గేట్‌వే. నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది, డెబ్బై ఏడు, ఒకటి."

"సక్కగ చదువు. చివర ఒకటి, ఒకటి ఉంటది."

"డెబ్బై ఏడు, ఒకటి. గోడకున్న డబ్బ మీద చీటి ఉన్నది, దాని మీదనే ఒకటి, ఒకటి ఉన్నది."

"అయితె నీ ఫోనే తప్పు చూపిస్తున్నది."

"ఆయన పాత ఫోన్ ఛార్జింగ్‌ల పెట్టి పోయిండు. అండ్ల చూస్తున్న. ఒకటి, ఒకటి. వైఫై పేరు సుత వేరె! నాది ఆయనే కలిపిచ్చిండు, నేనెన్నడు పేరు చదువలే. ఒక్క ఇంటికి రెండు దర్వాజలెందుకన్నా? ఆయనకొకటి, నాకొకటి?"

"సిగ్నల్ అందకుంటె రెండో డబ్బ పెడతరే. మామూలే."

"రెండర్రల ఇల్లు ఇది. ఈ మూల దగ్గితె ఆ మూల ఇనబడుతది. ఏడున్నదది? సజ్జ మీద చూస్త ఆగు."

"సజ్జ మీద కరెంటేడున్నదే? ఫ్రిజ్ ఎనుక..."

"ఫ్రిజ్ ఎనుక?"

"ఫ్రిజ్ ఎనుక ప్లగ్ ఉంటది గదా ఎవరింట్లనన్నా. గందుకన్న."

"ఆగు. జరుపుతున్న... ఛీ. ఛీ, అన్నా. ఉన్నది. నల్లది. చుట్టు బొద్దింకల పెంట, జిడ్డు. లైట్ కనబడకుంట దాని మీద నల్ల టేపేసిండ్రు. ఇన్నొద్దులు దీని ముందలనే నిలబడి పాలు తీసుకున్న, పెరుగు తీసుకున్న."

"గంత అనుకోకు. గది మిషిన్. మిషిన్‌కు ఏం తెలుస్తది?"

"నేనిడిసిన బట్టలు ఎవడో దినాం తీసి, వాసన చూసి, మల్ల గట్లనే మడతపెట్టి పెట్టినట్టున్నదన్నా. మిషిన్ కాదు గది. మనిషి."

"అఖిలా, నా మాటిను. ఆ నంబర్ తీస్కపోయి బ్రౌజర్ల కొట్టకు."

"కొడతనని నేనన్లేదే."

"అంటె... కొడతవేమోనని."

"కొడితె ఏమైతది?"

"ఏం గాదు. పాస్‌వర్డ్ అడుగుతది. నీకు తెల్వదు గదా. ఊకె తప్పులు కొడితె మొత్తం బందైతది."

"అడుగుతున్నది. కొట్టిన అప్పుడే."

"బయటికి రా. బావ వచ్చినంక నేను మాట్లాడుత."

"దేవరుప్పులల మన ఇంటి వైఫైకి ఏం పాస్‌వర్డ్ పెట్టినవ్?"

"అదెందుకిప్పుడు?"

"అవ్వ ఫోన్‌కు ఏం పెట్టినవ్? నీ ఏటీఎం నంబరే మా అందరికి ఎరుక. నువ్వు చిన్నప్పటి నుంచి అన్నిటికి ఒకటే తాళం పెడతవ్. సుక్కి. మన సుక్క బర్రె. అది సచ్చినంక గూడ నువ్వు దాన్ని ఇడువలే. పక్కన ఒకటి, రెండు, మూడు."

"కొట్టకే. అఖిలా, కొట్టకు. నీకు దండం పెడత."

"తెర్సుకున్నదన్నా. మన బర్రె పేరుకు నా ఇంటి దర్వాజ తెర్సుకున్నది. అఖిల అని నా పేరు గూడ రాసిపెట్టినవిండ్ల. దాని కింద జనగామ హాస్టల్, వకీలమ్మ, నేను చూసినవన్ని వరుసగ ఉన్నయి. నీకు నా మీద ఎంత పావురం, ఎంత ప్రేమన్నా!"

"నేను డబ్బ పెట్టిన, గంతే. బావ అడిగిండు. దినాం ఎవరు చూస్తరే ఇవన్ని?"

"ఎప్పుడు పెట్టినవ్?"

"యాదికి లేదు."

"నాకున్నది. రాఖీ పున్నమికొచ్చినప్పుడు. రాఖీ కట్టి నేను వంటింట్లకు పోయిన. 'బావ, వైఫై జర చూస్త' అని లేచినవ్. నేను నీకు సేమియా పాయసంల జీడిపప్పులు ఏరి ఏరి ఏసిన. నా రాఖీ చేతికి ఉండంగనే ఆ టేపు అంటేసినవా?"

"బావ ఏడ్సిండే నా ముందట. పిల్ల ఇల్లిడిసి పోతదేమోనని బుగులైతున్నదన్నడు. నేనేం చెయ్యాలె?"

"నన్నడగాలె. ఎందుకు పోతున్నవ్ చెల్లే అని నన్నడగాలె. ఒక్కసారన్న అడిగినవా?"

"అడిగితె చెప్తవా?"

"అడుగలే గద. సరే, నెల్లికుదురు స్కూల్‌ది. అది ఎట్ల బయటపడ్డది? ఆ వారమంత మీ బావ తిరుపతిల ఉండె. ఫోన్ల ఇవన్ని చూసుకునే తీరిక ఎట్లున్నది? నీకు గూడ వస్తయా ఇవన్ని? నీ ఫోన్‌కు?"

"వస్తయి గని... నేను తెరువ."

"తెరువకుంటె?"

"ఒక్కసారే తెరిసిన. ఆ ఒక్కసారే. అవ్వకు బీపీ, నువ్వు కాపురమిడిసి వస్తె మంచమెక్కుతది. నలుగురిల నా మొకం ఏమైతది? నేనే బావకు ఫోన్ చేసి చెప్పిన. నీ మంచికే చేసిననే."

"థూ."

"అఖిలా..."

"నీ మంచికే, నీ మంచికే. ఆయన గూడ గిదే మాట. ఒక్క నోట్లదే ఇద్దరు నములుతున్నరు. ఆయన్నంటె అసయ్యించుకోనీకి నాకు అలవాటైంది. నిన్ను అసయ్యించుకోనీకి నాకు జాగ లేదు లోపట. ఏడ పెట్టుకోవాలె ఇది?"

"రేపేందే? నౌకరి ఏడొచ్చింది? చెప్పు, నేనే వచ్చి బావకు నచ్చజెప్త."

"మల్ల రేపేంది అంటున్నవా? రేపు పొద్దుగాల బస్టాండ్ కాడికి బండి తెమ్మని అడుగనీకే నీకు ఫోన్ చేసిన. ఎవ్వరికి చెప్పొద్దన్నా, నీకొక్కనికే చెప్తున్న అని అనాల్ననుకున్న. రాత్రంత గా మాటనే మనసుల అనుకున్న."

"నేనొస్తనే. ఒట్టు. బావకు చెప్ప."

"చెప్పు. ఇప్పుడే చెయ్యి ఫోన్. నా సర్టిఫికెట్లు సంచిల ఉన్నయి. రేపు కాదు, ఇయ్యాల్నే పోతున్న. ఆయన మటన్ తెచ్చేసరికి ఇంట్ల ఈ నల్ల డబ్బనే ఉంటది. దానికి వండిపెట్టుమను."

"తొందరపడకే! ఆగు, కట్ చెయ్యకు. రాణీ, ఫోన్ ఇటియ్యి. దాన్నెందుకు అటు తిప్పుతున్నవ్? రాణీ! ఏం ఒత్తుతున్నవ్ అండ్ల?"

"అఖిలా, కట్ చెయ్యకు. నేను, రాణిని. మీ అన్న ఎంగిలి చేత్తోటి గుంజుతున్నడు, జల్ది చెప్త. మీ అన్న ఫోన్ల గేట్‌వే ఒకటి, ఒకటి ఉన్నది. నా ఫోన్ల డెబ్బై ఏడున్నది. నువ్వు పోయే హాస్టల్ల ఇంకో మంచం దొరుకుతదా?"