మేనక సాల

సీతారత్నమ్మకి ముప్ఫై రెండేళ్ళు. దగ్గొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మొగుడు దగ్గర్లో లేడని చూసుకుని, అప్పుడు దగ్గేది. ఆవిడ సంగతి ఎందుకెత్తానంటే, ఊరి చివర చింతచెట్టు పక్కన గుర్రపుసాల ఉంది చూశారూ, పట్టపగలు కూడా మేకల్ని అటు తోలరే, ఆ సాల కథంతా ఆవిడదే. వెనకున్నవాళ్ళు ఇటు జరగండర్రా, గొంతు చించుకోలేను.

మునసబు జోగారావుగారని, ఆవిడ మొగుడు. ఆయన ఎక్కణ్ణుంచో ఓ తెల్లగుర్రాన్ని తెచ్చాడు, ఆడది, మేనకని పేరు పెట్టాడు, పెట్టి లోగిలి వెనక దొడ్లో దానికి ఇల్లు కట్టించాడు. ఇల్లే మరి! గానుగసున్నంలో బెల్లంనీళ్ళూ కరక్కాయనీళ్ళూ పోయించి, ఆ పూతని ఆడకూలీల చేత నున్నటి రాళ్ళతో రుద్దించి రుద్దించి, గోడలో మొహం కనపడేట్టు చేయించాడు. ఎండ దిగకుండా పైన రెండు వరసల గూనపెంకు, వేడిగాలి పోవడానికి చూరుకింద చుట్టూతా ఇటికల జాలీ, గుమ్మాలకి కమానులు, తడి నిలవకుండా ఓ పక్కకి వాలుగా పరిచిన నల్లరాళ్ళు. మరి ఆయనకి వండిపెట్టే మనిషి ఎక్కడుండేదనుకున్నారు? లోగిలి మూల చీకటి కొట్లో, తడిచీరతో, పొయ్యి ముందు. ఆ కొట్టుకి ఉన్నదల్లా గోడలో ఒక్క పొగగూడు. ఆ గూట్లోంచే ఆవిడ సాల లేవడమంతా చూసింది. నిజంగా సవతిని తెచ్చినా ఇంత మండేది కాదు, సవతికైతే నా కొట్టులాంటిదే దక్కేది కదా అనుకుంది.

సాలకి గృహప్రవేశం కూడా చేశాడండీ ఆ మహానుభావుడు! ఇంటి ఇల్లాలు గనక పాలు పొంగించాల్సింది సీతారత్నమ్మే. సాల మధ్యలో పొయ్యి రాజేసింది, పొగ తిన్నగా పైకి లేచి జాలీలోంచి వెళ్ళిపోయింది, పాలు పొంగాయి, ఆవిడ కంట్లో చుక్క నీరు లేదు. పెళ్ళయ్యాక పొయ్యి దగ్గర ఏడవకపోవడం అదే మొదలు. అంతే, అరికాలి నుంచి అసూయ పట్టుకుంది.

అది చాలక, ఓనాడు మేనక తుమ్మింది. వంటింటి పొగే కారణమని మునసబుగారు తాపీమేస్త్రి సన్యాసిని పిలిపించి ఆ పొగగూడు కాస్తా పూడ్పించేశాడు. మరి నేనో అని ఆవిడడిగితే, నువ్వు మనిషివి, బాధొస్తే చెప్పుకోగలవు, అది నోరులేని జీవం అన్నాడట. సరేనని ఆవిడ బాధ చెప్పుకోబోతే, ఏమే, నోరు లేస్తోంది అన్నాడట!

ఆ వానాకాలంలో మేనక కడుపునొప్పొచ్చి చచ్చిపోయింది. మునసబుగారు అన్నం మానేశాడు, సాల గోడకి తల ఆన్చి ఏడ్చాడు. సీతారత్నమ్మ చూస్తూ నిలబడింది. తను కన్నపిల్ల పురిట్లో పోయిననాడు ఈయన మారు చారు పోయించుకున్నాడు, ఆవిడకి గుర్తులేదూ? అయినా అదంతా మింగేసుకుని, ఇహనన్నా ఆ గూడు తెరిపించండి అంది. వీల్లేదు, మేనక ఎక్కడికీ పోలేదు, దీపాలవేళ డెక్కల చప్పుడు నాకు వినిపిస్తోంది, దానికి పొగ పడదు అన్నాడు. బతికున్నదాని కోసం దగ్గడం ఓ ఎత్తు, చచ్చినదాని కోసం కూడానా? ఎంత ఒళ్ళు మండుతుందో చెప్పండి.

ఆ సాయంత్రమే చీర ఎగదోపి సాలలోకి నడిచింది. ఏమే సవతీ, నీకు చుట్టూతా గాలి, నాకొక్క చిల్లు లేదు, చచ్చాక కూడా నా ఊపిరి మీదే కూచుంటావుటే, ధైర్యముంటే కనపడవే అని అరిచింది. వెనకనుంచి మెడమీద వెచ్చగా ఊపిరి తగిలింది. ఉలవల వాసనేసింది. భుజంమీద బరువుగా ఓ గడ్డం ఆనింది. తన్నులాటకి వెళ్ళిన మనిషి, ఆ బరువు దించుకోకుండా, చీకటి పడేదాకా తన గోడంతా చెప్పుకుంది. అది ఏమే, నోరు లేస్తోంది అనలేదు, మరి గుర్రం కదా!

ఆ తర్వాత దొడ్లో టకటకమని చప్పుడు, ఆ వెంటనే దబ్బుమని వంటింటి గోడ. మునసబుగారు పరిగెత్తుకొచ్చి చూస్తే పూడ్చిన ఇటికలన్నీ పొయ్యిలో పడున్నాయి. సన్యాసిని రప్పిస్తే వాడు గోడ తడిమి చూసి, బాబూ, ఇది డెక్క దెబ్బ, తమరు ఊరొదిలి పొమ్మన్నా పోతాను గాని ఇది మాత్రం మళ్ళీ కట్టను అన్నాడు. ఆవిడే రోకలి పట్టుకెళ్ళిందేమో అంటారా? ఆ మాట అడిగే ధైర్యం మొగుడికే లేకపోయింది, మీకెందుకర్రా?

అప్పణ్ణుంచీ ఆయనకి మొదలైంది మంట. పొద్దువాలితే పెళ్ళాం సాలలో ఉండేది, నవ్వులు వినిపించేవి. ఈయన నానబెట్టిన ఉలవలు పళ్ళెంలో పట్టుకెళ్ళి, మేనకా, మేనకా అని గుమ్మంలో పిలిచేవాడు. ఉలుకూ పలుకూ ఉండేది కాదు. కొన్నది నేను, కట్టించింది నేను, దానితో ఏం కబుర్లే నీకు అని నిలదీస్తే, మీ కబుర్లేనండీ అందావిడ. ఓరోజు ఉండబట్టలేక లోపలికి జొరబడ్డాడు. మోకాలి చిప్ప పట్టుకుని కుంటుతూ బయటికొచ్చాడు, పోయేదాకా ఆ కుంటు పోలేదు.

కాబట్టి అటు వెళ్ళకండి. మగాళ్ళు మరీను. మేనకకి తన్నే అలవాటు బతికుండగా లేదు, చచ్చాకే వచ్చింది.

సీతారత్నమ్మా? మొగుడు పోయిన ఏడాదికి లోగిలి పడగొట్టించి, కలప అమ్మేసి, ఆ సాలలో కాపురం పెట్టింది.