టబ్బు మీది నంబరు

"తాతా, పంద్రాగస్టుకు బళ్లె గీ పాట చదువుమన్నరు. కింద 'కవి పేరు తెలియదు' అని ఉంది. మన గోదావరిఖనిదే అంటున్నరు. నీకెర్కేనా?"

నాకు ఎర్క లేకుంటే ఇంకెవలికి ఎర్క బిడ్డా! కుర్చీ ఇటు జరుపుకో. 'నీ ఇంట్ల దీపం ఎలగాలె దేశమా, నేను చీకట్లనే ఉంట'... గిదే గదా? సూడకుంటనే నోటికి అత్తది. యాభై ఏండ్ల సంది నా కడుపుల మండుతున్న పాట గది.

రాసింది మల్లయ్య. నేను, వాడు ఒక్క బొగ్గుబాయిలనే టబ్బులు, గవే బొగ్గు మోసే ఇనుప డబ్బాలు, నింపేటోళ్లం. ఒక్కటే షిఫ్టు, కోటర్లు సుత పక్కపక్కనే. మీ నాయిన పుట్టలే అప్పటికి... లే లే, పుట్టిండు, మీ అత్తనే పుట్టలే. చాయ్ పది పైసలు. నేను గప్పటికే పద్యాలు గట్టేటోన్ని, నాలుగు నోటుబుక్కులు నింపిన. ఏడో తరగతి చదివిన మరి. వాడు మూడు. గసొంటోడు బంగ్లాదేశ్ లడాయి అప్పుడు, షిఫ్టు దిగేముందు చాయ్ తాగుకుంట, బీడికట్ట కాయితం మీద గీ పాట గిలికిండు. చదివి ఇనిపిస్తే అందరు చాయ్ గిలాసలు కింద వెట్టిన్రు. మాతోని పని చేయించే ముసలి సర్దార్ కండ్లు తుడ్సుకున్నడు. నా పద్యానికి ఎవడన్న కండ్లు తుడ్సుకున్నడా? ఒక్కడు?

మీ నానమ్మ సుత బియ్యం చెరుగుకుంట గదే పాడుడు. నా ఇంట్ల, నా పెండ్లాం! కండ్లల్ల నిప్పులు పోసుకున్న బిడ్డా, అబద్ధమెందుకు.

జవాన్ల కోసం చందాలు జమచేసేతందుకు మా బాయోళ్లు చిన్న పుస్తకం ఏద్దామన్నరు. చదువుకున్నోన్నని పెద్దపల్లి ప్రెస్సుకు నన్ను పంపిన్రు. మల్లయ్య కాయితం కింద పేరు రాయలే, తన నంబరు రాసిండు. నూట పద్దెనిమిది. బాయిల గంతే గదా, నింపిన టబ్బు మీద సుద్దతోని ఎవల నంబరు వాళ్లు రాస్తరు. టబ్బు పైకచ్చినంక నంబరు సూసే ఇది ఫలానోనిదంటరు. పాటకు సుత గట్లనే అనుకున్నడు, పిచ్చోడు. ప్రెస్సాయన అడిగిండు, "గిదేం నంబరయ్యా, రాసినోని పేరేంది?" అని. నోటిదాంక అచ్చింది. మింగిన. "ఎవలో ఏమో, గది కొట్టేయుండ్రి" అన్న.

బాయిల పక్కోని టబ్బు మీద నంబరు తుడ్సినోన్ని ఏం చేస్తరో ఎర్కనా? కొట్టరు, తిట్టరు. వాని పక్కన కూసోని ఎవలు సద్ది తినరు. గంత పాడు పని. గదే చేసిన నేను.

పుస్తకం బెల్లంపల్లి పోయింది, శ్రీరాంపూర్ పోయింది. మళ్ల అచ్చేసిన్రు. ఎవలో క్యాలెండరు మీద ఏసిన్రు, ఇంకెవలో నోటుబుక్కు అట్ట ఎనక ఏసిన్రు. పేరు లేకున్నా ఆగలే, సూడు! "నీదేనా కాకా?" అని అడిగేటోళ్లు. అవుననలే, కాదనలే, నవ్వి ఊకున్న.

మల్లయ్య ఒక్కసారి అడిగిండు, క్యాంటీన్ల. "నా నంబరు పడలేదేందే బావా?" అని. ప్రెస్సోళ్లు మర్సిపోయిన్రన్న. "పోనీ తియ్, పాడుతున్నరు గదా" అని నాకే ఇంకో చాయ్ చెప్పిండు. తిట్టినా బాగుండు! వాని మంచితనం జూసి ఇంకింత కుళ్లి ఏడ్సిన.

పోయినేడు మల్లయ్య బెల్లంపల్లిల, కొడుకు కాడ సచ్చిపోయిండు. సావుకు పోయిన. ఇంటోళ్లు పాడె లేపుతుంటే, ఇంటెనక బళ్లె పిల్లలు గదే పాట పాడుతున్నరు. గది పాడె మీదోనిదే అని ఒక్కనికన్న ఎర్క లేదు. చెప్పాలనుకున్న, నోరు లేవలే. పాడుగాను, అప్పుడు సుత ఏమనుకున్ననో ఎర్కనా? నా సావుకు ఎవలేం పాడుతరు, అనుకున్న.

గా పెన్ను తియ్యి. 'తెలియదు' కొట్టేయ్. మల్లయ్య అని రాయి. పక్కన నూట పద్దెనిమిది. వద్దు వద్దు, నాకియ్యకు, నువ్వే రాయి. గీ చెయ్యిని నేను ఇప్పటికి నమ్మ.

రాసినవా? ఏదీ... ఆ. సల్లగుండు బిడ్డా. పంద్రాగస్టు నాడు ముందుగాల పేరు చదువు, అటెన్క పాట. గట్టిగ చదువాలె. నేనచ్చి ముందటి వరసల్నే కూసుంట. కడుపు మండితే మండనీ...