మేఘుడు మెచ్చిన బహుమానాలు

శునకాన్ని వాహనంగా స్వీకరించి, మూగప్రాణి విశ్వాసానికి దైవసన్నిధిలో చోటిచ్చిన కాలభైరవస్వామికి తొలి నమస్కారం. మాట పుట్టకముందే పిలుపును పుట్టించిన వాగ్దేవికి మలి నమస్కారం. ఇక వినబోయేది నాంపల్లి నివాసి, విశ్రాంత తెలుగు పండితులు శ్రీరామమూర్తిగారూ, వారి శునకం మేఘుడూ సాధించిన ఘనకార్యం.

ఆదివారం ఉదయం. అబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు పరుచుకుంటున్న వేళ, సన్నని తుంపరలో రామచందర్ చాయ్ బండి ఆవిరి చిన్న మబ్బులా తేలుతోంది. పండితులవారు కూర్చున్న బల్ల కింద మేఘుడు నిద్రపోతున్నాడు. కుట్టుపని నేర్పే అహల్య తన కుక్క లడ్డూను తాడుతో పట్టుకొని వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంతులు సారూ, మొన్న గిది మళ్ళ రోడ్డు మీదికి ఉరికింది. బస్సు కింద పడబోయి బతికింది. దీనికి ఆగుడు నేర్పు, లేకుంటే ఎవరికన్న ఇచ్చెయ్ అని మా ఇంటి ఓనరు అంటుండు. రోజు బిస్కెట్ పెడుతున్న. అయినా ఆగుమంటే ఆగదు."

"తల్లీ, రోజూ అదే బిస్కెట్టు పెడితే అది జీతమవుతుంది గాని బహుమానం కాదు. నా మేఘుడి సంగతి విను. మొదట వీడికీ ఉస్మానియా బిస్కెట్టే ఇచ్చాను, బుద్ధిగా కూర్చున్నాడు, కొన్నాళ్ళకు పాడిన కీర్తనే మళ్ళీ విన్న రసికుడిలా ముఖం తిప్పుకున్నాడు. అప్పుడు ఒకనాడు గుడ్డుముక్క, ఒకనాడు గుడ్డబంతి, ఒకనాడు చెవి వెనుక నిమరడం, ఏ పూట ఏది వస్తుందో తెలియక వీడి తోక వీణతీగలా కంపించేది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గుడ్లు ఒడిసినయా సారూ?" అన్నాడు రామచందర్.

"అభిరుచి పెరిగింది నాయనా! తిండి మీద మనసు పోయి పరిమళం మీద నిలిచింది. నేను ఉస్మాన్‌గంజ్ వెళ్ళి, ఖాళీ సంచి నోరు తెరిచి, బెల్లం బస్తాల దగ్గర కాస్త, పసుపు దగ్గర కాస్త, మిరపకాయల దగ్గర మాత్రం దూరం నుంచి కాస్త, వాసనలు పట్టి మూతికట్టి తెచ్చాను. ముడి విప్పగానే మేఘుడు కన్నులు మూసి, పొద్దు వాలేదాకా బెల్లపు కలలో తేలాడు. దానికీ అలవాటు పడితే, ఇదిగో ఈ కాలిబాట మీదే పాత కావ్యాల పుటలు వాసన చూపించాను. సీసపద్యానికి తోక ఊపాడు, కందానికి నడుం వాల్చాడు, యతి తప్పిన పుటకు గుర్రుమన్నాడు!"

"మా బ్యాంకు సర్క్యులర్ చూపిస్తే కరిచేవాడేమో," అంది పుస్తకాలు తిరగేస్తున్న రశ్మి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వీడికి మబ్బు కావలసివచ్చింది. అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ మీదికి వంగిన మబ్బును, నా ఉత్తరీయమంత ముక్క అడిగి తెచ్చాను."

"ఎవర్ని అడిగిన్రు?" అన్నాడు రామచందర్.

"మబ్బునే! సంస్కృతంలో అడిగితే కాదనదు. దాన్ని నాంపల్లి స్టేషన్ ముందు పరిచి, ఆగమన్నాను. మేఘుడు ఆగాడు. వీణ్ణి చూసి గాలి ఆగింది. పావురాలు విప్పిన రెక్కలతో ఆకాశంలోనే నిలిచాయి. బయలుదేరిన రైలు నిట్టూర్చి నిలబడింది. చినుకులు నా భుజాల ఎత్తున ముత్యాల తెరలా వేలాడాయి. మరి ఇందరికీ బహుమానాలివ్వాలి కదా? గాలికి మల్లెల తావి, పావురాలకు శనగలు, రైలుకు ఒక ఉత్పలమాల. ఆ పద్యం పూర్తయ్యాకనే లోకం కదిలింది."

తుంపర సైతం నేలను తాకడం మరిచినట్టు తోచింది.

"అద్భుతం సార్," అంది రశ్మి. "లోకాన్ని ఆపిన మేఘుణ్ణి ఒక్కసారి ఇక్కడ ఆపి చూపించండి. అహల్యక్క నేర్చుకుంటుంది."

శ్రీరామమూర్తిగారు ఉత్తరీయం సర్దుకొని బండి అవతలికి నడిచి, మేఘుడు లేచి చూడగానే గంభీరంగా అన్నారు: "మేఘా, ఆగరా!"

మేఘుడు ఒళ్ళు విరుచుకొని, తోక ఊపుతూ, నేరుగా వచ్చి ఆయన పాదాల ముందు నిలిచాడు. వెనుకే అహల్య చేతిలోని తాడు లాగేసుకొని లడ్డూ వచ్చింది.

"ఆగమన్నాను కదరా!"

రెండూ ఆయన పంచె మీదికి ఎగబాకాయి.

"కోప్పడకండి సార్," అంది రశ్మి. "ఆగమంటూనే చివర ‘రా’ అని పిలుస్తున్నారు. మబ్బుకు సంస్కృతం వచ్చేమో గాని, మేఘుడికి తెలుగు అంతే వచ్చు."

రామచందర్ చాయ్ వడపోస్తూనే పగలబడి నవ్వాడు. "సంబోధనను క్రియగా గ్రహించాడు," అని గొణిగారు పండితులవారు, పంచె దులుపుకుంటూ.

అహల్య మాత్రం నవ్వలేదు. "మొన్న లడ్డూ రోడ్డు అవతల ఉండె. బస్సు వస్తుందని నేనే ‘ఆగురా, ఆగురా’ అని మొత్తుకున్న. అంటే... నేను పిలిచిన్ననుకొనే ఉరికొచ్చింది. నా మాట విన్నది సారూ."

ఆమె తాడు అందుకొని రెండడుగులు వేసి, "లడ్డూ, ఆగు," అంది. అంతే అంది. లడ్డూ ఒక కాలు గాలిలో ఎత్తినట్టే నిలిచింది.

అహల్య చేయి బిస్కెట్ కోసం సంచిలోకి వెళ్ళింది. "వద్దు తల్లీ," అన్నారు శ్రీరామమూర్తిగారు, ఈసారి చాలా మెల్లగా. "ఇప్పుడు దాని ముక్కు ఎటుందో చూడు."

అది తడిసిన పుస్తకాల గుట్ట వైపుంది. అహల్య తాడు వదులు చేసి దాన్ని అక్కడికి తీసుకువెళ్ళింది. లడ్డూ పుటల మధ్య ముక్కు దూర్చి, కన్నులు మూసుకుంది.

ఈ కథ విన్నవారి ఇంట పిలిచిన ప్రాణి పలుకుగాక. ఆగమన్న చోట ఆపద కూడా ఆగుగాక. నమ్మి వచ్చినవారికి ఏ పూటకా పూట కొత్త సంతోషం దొరుకుగాక.